పిడికిలి కొలత

బస్సు బోర్డు మీద మా ఊరు ఏ.ఎస్.పేట. అనుమసముద్రంపేట అని పూర్తిగా రాయమంటే మా బళ్ళో పిల్లలు సగంలోనే పలక దించేసేవాళ్ళు. బయటివాళ్ళకు ఊరంటే దర్గా. ఖాజా నాయబ్ రసూల్ గంధానికి తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ కూడా జనం వస్తారు. జనం వచ్చేచోటికి అంగళ్ళు వస్తాయి. గాజులు, అత్తరు, మిఠాయి, వాటి పక్కనే నేల మీద గోనెపట్టా పరిచి లక్కపిడతలు. నాకు ఏడేళ్ళప్పుడు మా అవ్వ ఆ పట్టా ముందు గొంతుకూర్చుని అరగంట బేరమాడి ఒక తాటాకు బుట్ట కొనిచ్చింది. నా సేకరణలో మొదటి వస్తువు అదే. ఇప్పుడు అరవై దాటాయి, నా వయసూ, నా దగ్గరున్న బుట్టలూ.

ఆ బుట్టలో పొయ్యి, బిందె, చెంబు, రోలూ రోకలీ, ఇసుర్రాయి, కవ్వం, అప్పడాల పీట, గరిటె, మూతపెట్టె ఉండేవి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మూడో రోజున అమ్మ చూడకుండా బిందెను నిజం పొయ్యి గట్టు మీద, నిప్పుల పక్కన పెట్టాను. నీళ్ళు కాగలేదు గానీ బిందె మీది రంగు మెత్తబడి గట్టుకు అంటుకుపోయింది. వేలితో పీకితే తీగలా సాగింది. తన్నులు తిన్నాక కూడా నాకు ఆశ్చర్యం పోలేదు: ఇది రంగు కాదా?

కాదు, అది లక్క. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టుకునే గూటి జిగురు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో ఆ పని చూశాను. అంకుడు కర్రను లేతుకు బిగించి తిప్పుతూ ఉలితో బిందె ఆకారం తీస్తారు. అది గిర్రున తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తిపెడతారు. కుంచె లేదు, పొయ్యి లేదు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. చివర మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. వేడితో అంటింది వేడితోనే ఊడుతుందని ఏడేళ్ళ పిల్లకు ఎవరు చెప్పాలి? ఆ ఊళ్ళో పసుపు, నీలిమందు, జాఫరా గింజల లాంటి చెట్టూచేమల రంగులకు మళ్ళీ ప్రాణం పోసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే సామానుకు ఏ రంగు వేయాలన్నది చిన్న విషయమేం కాదు.

ఈ ఆట ఎంత పాతదంటే, పోతన భాగవతంలో రుక్మిణి చిన్నప్పుడు బొమ్మలకు పెళ్ళిళ్ళు చేసి, గుజ్జెనగూళ్ళు వండించి చెలికత్తెలకు పెట్టిస్తుంది. కృష్ణుడికి కబురు పంపకముందు ఆమె చేసిన కాపురం అదే. బొమ్మరిల్లు అన్న మాట మనకు ఉంది గానీ ఆ ఇంటికి గోడలుండవు. ఇసుకలో వేలితో గీత గీస్తే అదే గోడ. ఇల్లంటే వంటిల్లే.

ఐరోపాలో కథ వేరు. అక్కడ బొమ్మరిల్లు పెద్దవాళ్ళది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ అనే ఆవిడ 1686 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా ఒక బీరువాలో ఇల్లు అమర్చుకుంది, పిల్లల్ని ముట్టుకోనివ్వడానికి కాదు. మన న్యూఢిల్లీకి నక్షా గీసిన లుటియెన్సే ఇంగ్లండు రాణి మేరీకి ఒక బొమ్మరిల్లు కట్టించాడు. 1924లో పూర్తయిన ఆ ఇంట్లో విద్యుద్దీపాలు వెలుగుతాయి, కుళాయిల్లో నీళ్ళొస్తాయి, వేలెడంత సీసాల్లో అసలైన ద్రాక్షసారాయే ఉంది. అడుగుకు అంగుళం కొలత, ఎక్కడా తప్పదు.

ఆ సంగతి చదివాక నా బుట్టల్ని టేపు పెట్టి కొలిచాను. నవ్వొచ్చింది. చెంబు ఇసుర్రాయి కన్నా ఎత్తు. కవ్వం బిందెలో దూరదు. గరిటె పొయ్యి కన్నా పొడవు. ఇన్నేళ్ళుగా నాకు కనబడని తప్పు! కానీ అన్నిట్నీ ఒక్కొక్కటిగా గుప్పిట్లో పట్టుకుని చూస్తే సంగతి తేలింది. ఏ వస్తువైనా ఏడేళ్ళ పిల్ల పిడికిట్లో సరిపోతుంది. పనివాడు ఇంటిని చూసి కొలత తీసుకోలేదు, చేతిని చూసి తీసుకున్నాడు. అందుకే ఆడారు, ఆడారు గనకే విరిగాయి. రాణి గారి ఇల్లు విండ్సర్ కోటలో భద్రంగా ఉంది. మా అవ్వ కొన్న బుట్టలో మిగిలింది రోకలి, మూతలేని పెట్టె.

మాకు చెక్కపని అంటే ఉదయగిరి. కొండ మీది దుర్గాన్ని ఏడాదిన్నర ముట్టడించి 1514లో కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు. పోతూ అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి విజయనగరంలో గుడి కట్టించి పెట్టాడు. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. నచ్చిన బొమ్మను వదిలి రాలేకపోవడం ఎంత జబ్బో నాకు తెలుసు గనక రాయలవారి మీద నాకేం ఫిర్యాదు లేదు. ఆ కొండల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి కర్రలతో ఉదయగిరిలో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. ఆ పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. చేసేవాళ్ళలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ, ఆడవాళ్ళు ఇంటిపనితో పాటే ఉప్పుకాయితం పట్టి నునుపు చేస్తుంటారు.

పోయిన గరిటె బదులు ఒకటి చేయించుకుందామని అక్కడికి పోయాను. అంగుళం గరిటె కావాలన్నాను, లుటియెన్సు గాలి నాకూ సోకింది మరి. గరిటెలు చెక్కేది ఒక ముసలాయన. పని ఆపి నా చేతులు చూశాడు.

"ఎవరి చేతికమ్మా?"

"ఎవరి చేతికీ కాదు భాయ్, ఊరికే పెట్టుకోడానికి."

"చెయ్యి లేకుండా గరిటె ఎట్టా చేసేది?"

మనవరాలికి ఏడేళ్ళని చెప్పాను. తన చిటికెన వేలు చూపించి ఇంత చాలునా అన్నాడు. చిన్న రంపంతో ముక్క కోసి, ఉలిమొనతో గోరంత గుంట తీస్తుండగా మొదటిది పొర వెంబడి చీలింది. రెండోది ఆకురాయి కింద మెడ విరిగింది. మూడోది నిలిచింది, పిడి కొసన ఒక చుక్క నగిషీ కూడా పెట్టాడు. అన్నం గరిటెకు అడిగేదానికి రెండింతలు అడిగాడు. బేరమాడలేదు, అవ్వ ఉంటే ఊరుకునేది కాదు. డబ్బులిచ్చి, నేల మీద పడున్న ఆ విరిగిన రెండూ కూడా ఇమ్మన్నాను. వాటికేం లేదు తీసుకుపో అన్నాడు.