లింగంపల్లి రైలు పట్టాలు, బోర్డు మీద బాణం గుర్తులు

మన గోపన్‌పల్లికి దగ్గర్లోనే లింగంపల్లి స్టేషన్ ఉంది కదా. అక్కడి నుంచి వికారాబాద్ మీదుగా వాడీ జంక్షన్ వెళ్లే లైన్ మీదే కవచ్‌ని మొదట పరీక్షించారు. 2016 ఫిబ్రవరిలో ప్యాసింజర్ రైళ్ల మీద ట్రయల్స్ మొదలయ్యాయి. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్టిగిద్ద మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్, ముందున్న ఇంకో ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలో దానంతట అదే ఆగిపోయింది.

బాగుంది. కానీ అది ఒక్క పరీక్షే. కవచ్‌కి కావాల్సిన భద్రతా స్థాయి సిల్-4. అంటే ప్రమాదానికి దారితీసే తప్పు 10 కోట్ల గంటల్లో ఒక్కసారి కంటే తక్కువ రావాలి. ఏళ్లలో చెప్పాలంటే దాదాపు 11,400. శాతవాహనుల కాలంలో టెస్టింగ్ మొదలుపెట్టినా ఇంకా అయ్యేది కాదు! మరి నమ్మేదెలా? ట్రయల్స్‌తో పాటు డిజైన్ డయాగ్రమ్‌నే లెక్కలతో చెక్ చేయాలి. ఆ పద్ధతుల పేరే ఫార్మల్ మెథడ్స్.

1980ల మొదట్లో ఇజ్రాయెల్‌లో లావీ యుద్ధవిమానం డిజైన్ జరుగుతోంది. డాక్యుమెంట్లు కట్టలు కట్టలు. అయినా ఫలానా బటన్ నొక్కితే ఏమవుతుందంటే తిన్నగా జవాబు దొరికేది కాదు. అందుకే డేవిడ్ హారెల్ ఆ పనితీరుని డబ్బాలు, బాణాలతో గీశాడు. 1987లో అచ్చయిన ఆ పద్ధతే స్టేట్‌చార్ట్స్. అందరికీ నచ్చింది, కాకపోతే ఒక్కో టూల్ బాణానికి ఒక్కో అర్థం ఇచ్చింది. 1994 నాటికి ఇరవై దాకా రకాలు లెక్కతేలాయి. అర్థమే తేలని బొమ్మని ఏమని చెక్ చేస్తాం?

అర్థం తేలితే మాత్రం దారి ఉంది. 1981లో క్లార్క్, ఎమర్సన్ మోడల్ చెకింగ్ కనిపెట్టారు. ఫ్రాన్స్‌లో కేయ్, సిఫాకిస్ విడిగా అక్కడికే చేరారు. బొమ్మతో పాటు ఒక ప్రశ్న ఇస్తాం: సిగ్నల్ ఎర్రగా ఉండగా బ్రేక్ పడకుండా రైలు దాటిపోయే దారి ఉందా? ఉంటే ఆ దారిని అడుగడుగునా చూపిస్తుంది. చిక్కల్లా సంఖ్యతోనే. అవును-కాదు స్విచ్‌లు 30 ఉంటే స్థితులు 107 కోట్లు దాటతాయి. వాటిని గుంపులుగా మడిచి చూసే ఉపాయంతో, 1992లో కార్నెగీ మెలన్‌లో క్లార్క్ బృందం ఫ్యూచర్‌బస్ ప్లస్ అనే హార్డ్‌వేర్ ప్రమాణంలో అంతవరకూ ఎవరూ చూడని తప్పులు పట్టుకుంది. అప్పుడు అక్కడి కంప్యూటర్ సైన్స్ స్కూల్‌కి డీన్ ఎవరనుకున్నారు? మన కాటూరు రాజ్ రెడ్డి గారే!

రైల్వే సాఫ్ట్‌వేర్ ప్రమాణం ఈఎన్ 50128, 2011 కూర్పులో సిల్-4కి ఫార్మల్ మెథడ్స్‌ని గట్టిగా సిఫార్సు చేసింది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. మెషిన్ మనం అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. బొమ్మలో లెవల్ క్రాసింగ్ గేటు గీయడం మరిచిపోతే, ఆ గేటు దగ్గర ఏం జరుగుతుందో అది చెప్పలేదు. కాబట్టి రేపు డిజైన్ రివ్యూలో కూర్చున్నప్పుడు సిస్టమ్ ఏం చేయాలనే కాదు, ఎప్పటికీ ఏం చేయకూడదో కూడా ముందే రాసి పెట్టండి.