తుపాకి కంటే ముందొచ్చిన భయం

2014 సెప్టెంబరు 24న గన్నవరం పక్కన పెద్దావుటపల్లి దగ్గర, జాతీయ రహదారి మీద, ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ కారులోనే కాల్చి చంపారు. ముంబయి నుంచి విమానంలో దిగి ఏలూరు కోర్టు వాయిదాకు బయల్దేరినవాళ్లు. కాల్చింది ఢిల్లీ నుంచి దిగిన కిరాయి మనుషులని పోలీసులు చెప్పారు. అప్పటిదాకా జోసఫ్ తంబి తిరునాళ్లకే పేరున్న ఊరది. ఆ మర్నాటి నుంచీ 'కృష్ణా జిల్లాకూ తుపాకి సంస్కృతి వచ్చేసింది' అన్నదే మాట. ఆ మాట నాకు మింగుడుపడలేదు. పగ పుట్టింది హతుల ఊరైన, ఏలూరు దగ్గరి పినకడిమిలో. బయటినుంచి వచ్చింది తుపాకి మాత్రమే.

నిజానికి తుపాకి ఇక్కడ అరుదే. 1878 ఆయుధాల చట్టం జనం చేతుల్లోంచి తుపాకి లాగేసుకుంది, 1959 చట్టం లైసెన్సు పద్ధతిని కొనసాగించింది. డెల్టాలో తుపాకి అంటే మోతుబరి ఇంటి గోడకు వేలాడేదో, బ్యాంకు గార్డు భుజాన ఉండేదో. బెజవాడ భయం కత్తితోనూ నాటుబాంబుతోనూ పెరిగింది.

ఆ పెరిగిన కాలం గురించే పేచీ. బెజవాడ ముఠాల కథను కమ్మ, కాపు కులాల కథగా చెప్పేయడం అలవాటైపోయింది. వరస చూస్తే అది అంత తేలిగ్గా అతకదు. 1972లో హతుడైన చలసాని వెంకటరత్నం కమ్యూనిస్టు నాయకుడు. వంగవీటి రాధా మొదట ఆయన మనిషే. 1974లో రాధా హత్య జరిగింది. దేవినేని సోదరులు అప్పటికి రాధా వర్గంలోనే ఉన్నారు. 1979లో దేవినేని గాంధీ హత్యతోనే రెండిళ్లూ శత్రువులయ్యాయి. అంటే మొదటి నెత్తురు ఒకే గూటిలో చిందింది. తగవు టాక్సీ, లారీ స్టాండ్ల కార్మిక సంఘాల మీద పట్టు కోసం, కాలేజీల్లో విద్యార్థి సంఘాల కోసం. ఆ సంఘాలు పేదకు కూలీ ఇప్పించాయి, పోలీసు కొట్టకుండా కాశాయి. వాటిని ఉత్త రౌడీయిజం అని కొట్టిపారేయలేం. కానీ కాపాడే చేతిలోనే కత్తి ఉన్నప్పుడు, ఆ చేతికి ఎదురు చెప్పేవాడెవడు? నా లెక్కలో అసలు కారణం ఇదే. 1983 తర్వాత పార్టీ టిక్కెట్లు తోడై కులం గట్టిపడింది. 1988 మార్చిలో దేవినేని మురళి, డిసెంబరు 26న నిరాహార దీక్షా శిబిరంలోనే ఎమ్మెల్యే వంగవీటి రంగా హతులయ్యారు. ఊరు తగలబడింది, వారాల తరబడి కర్ఫ్యూ. రంగా హత్య కేసులో నిందితులు చివరికి నిర్దోషులుగా బయటపడ్డారు. జనం నేర్చుకున్న పాఠం అదే: సాక్ష్యం చెప్పినవాడికే ప్రమాదం.

కులం పాత్రే లేదనను. 1988 అల్లర్లలో కులం చూసే దుకాణాలు కాల్చారని అందరికీ తెలుసు. అది మొదటి కారణం కాదని మాత్రమే నా వాదం.

ఇప్పటి సంగతి చూస్తే, మన పోలీసు యంత్రాంగం ఎన్నికలప్పుడల్లా లైసెన్సు తుపాకులు ఠాణాలో పెట్టించుకుని నిశ్చింతగా ఉంటోంది. 2023 ఫిబ్రవరి 20న గన్నవరంలో ఒక పార్టీ ఆఫీసు మీద దాడి జరిగి వాహనాలు కాలాయి; తుపాకి లేకుండానే ఊరు తలుపులేసుకుంది. ఆ కేసులో ఫిర్యాదుదారు 2025లో కోర్టులో వెనక్కి తగ్గాడు. అతణ్ని కిడ్నాప్ చేసి బెదిరించారన్న ఆరోపణపై మాజీ ఎమ్మెల్యే అరెస్టయ్యారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు 2018లోనే ఆమోదముద్ర వేసింది. అది గన్నవరం దాకా వచ్చిందని నమ్మడం కష్టం.