శిలాఫలకం లేని పని

హైదరాబాద్ జలమండలి చరిత్ర రాయమంటే ఎవరైనా మూసీ వరదతోనే మొదలుపెడతారు. 1908 సెప్టెంబరు 28న నది ఊరిని ముంచేసింది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. 1920 నాటికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి ఈసీ మీద హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. ఆ తర్వాత 1965లో మంజీరా, తొంభైల మొదట్లో సింగూరు, 2004లో కృష్ణా, 2015 చివర్లో గోదావరి. అన్నీ నదుల పేర్లు, ఆనకట్టల పేర్లు, ప్రారంభోత్సవాల ఏళ్లు. పైపు ఊసు మాత్రం ఎక్కడా రాదు. దానికి శిలాఫలకం ఉండదు కదా. పూడ్చి, మీద తారు పోస్తే ఆ పని అక్కడికి సరి.

1989 నవంబరు 1న జలమండలి బోర్డుగా ఏర్పడ్డాక జరిగిన కుస్తీలో సగానికి పైగా ఆ తారు కిందే జరిగింది. అందుకే ఈ పండుగ సంచికలో నాకిచ్చిన నాలుగు పేజీలూ పైపులకే కేటాయిస్తున్నాను.

ముందు ఎత్తుల సంగతి చూద్దాం. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, నిండు మట్టం 1,790 అడుగులు. ఊరు దానికి పల్లంలో ఉంది. చెరువు నీళ్లు మూసిన కాలువలో వాటంతట అవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు నడిచొచ్చేవి. మోటారుతో, కరెంటు బిల్లుతో పని లేదు. కృష్ణా నీళ్ల సంగతి వేరు. నాగార్జునసాగర్ నిండు మట్టమే 590 అడుగులు. అక్కడి నుంచి వంద కిలోమీటర్లకు పైగా, అంచెలంచెలుగా వెయ్యి అడుగులకు మించి ఎత్తిపోసుకుంటూ తేవాలి. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్లు నడవాలి. గండిపేట రోజుల్లో గల్లీలో పైపు కారితే వృథా అయ్యేది వాన నీరు. ఇప్పుడు కారేది కరెంటు పెట్టి కొండెక్కించిన నీరు. పాత లైన్లు మార్చే ఖర్చును దండగ పద్దులో వేసేవాళ్లకు ఈ ఒక్క లెక్క చాలనుకుంటాను.

పాతబస్తీలో రోడ్డు తవ్వితే ఇప్పటికీ పోత ఇనుప పైపులు బయటపడుతుంటాయి. వాటి అతుకు చూడవలసిన పనితనం. ఒక పైపు కొనను రెండో పైపు వెడల్పు మూతిలోకి దించి, మధ్య సందులో జనపనార పేటలు కూరి, పైన కరిగించిన సీసం పోసేవాళ్లు. అది చల్లారాక ఉలి, సుత్తి పట్టుకుని చుట్టూ కొట్టుకుంటూ బిగించేవాళ్లు. అతుకు సరిగ్గా పడిందో లేదో పనివాడికి సుత్తి చప్పుడే చెప్పేది. అలా బిగించినవి దశాబ్దాలు నిలిచాయి. చిక్కల్లా లోపల వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ తుప్పు బుడిపెలు బుడిపెలుగా పేరుకుని, ఆరంగుళాల పైపులో మూడంగుళాల దారి మిగిలింది. చివరి ఇళ్లకు ప్రెషర్ రావడం లేదంటే వాల్వు తిప్పేవాణ్ని తిట్టడం మనకు అలవాటు. పాపం, అతని చేతిలో ఏముంది!

తర్వాత కాలంలో చవకని ఆస్బెస్టాస్ సిమెంటు పైపులు వేశారు. వాటికి తుప్పు పట్టదు, కానీ పెళుసు. సైకిళ్లు, రిక్షాలు తిరిగే గల్లీలో వేసిన లైను మీద ఇప్పుడు ఇసుక లారీలు పోతున్నాయి. పెద్ద లైన్లలో వాడిన ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు పైపులది మరో తంతు. లోపలి తీగలు తుప్పు పట్టి తెగేదాకా పైకి ఏమీ తెలియదు. తెగిన రోజున మాత్రం రోడ్డు మీద ఫౌంటెన్ లేస్తుంది. మర్నాడు పేపర్లో ‘నీటి సరఫరాకు అంతరాయం’ అన్న ప్రకటన వస్తుంది.

నీళ్లు పోవడం ఒక నష్టం. మురికి లోపలికి రావడం అంతకన్నా పెద్ద నష్టం. మన దగ్గర నల్లా ఇరవై నాలుగు గంటలు రాదు. చాలాచోట్ల రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వస్తుంది. వాల్వు కట్టేశాక లైను ఖాళీ అవుతుంది. లోపల ఒత్తిడి పోగానే, చిల్లు ఎక్కడుంటే అక్కడ బయటి తడిని పీల్చుకుంటుంది. పక్కనే డ్రైనేజీ లైను కారుతుంటే ఆ నీళ్లే లోపలికి వస్తాయి. నల్లాకు నేరుగా మోటారు బిగించేవాళ్లు ఈ పీల్చుడుకు ఇంకాస్త బలం ఇస్తారు. మళ్లీ వాల్వు తిప్పినప్పుడు నల్లా ముందు బుసకొట్టి గాలి వదులుతుంది. ఆపైన వచ్చే మొదటి రెండు బకెట్లూ ఆ కలిసిన నీళ్లే. “అన్నా, ఇయ్యాల గూడ వాసనొస్తున్నయ్” అని ఆడవాళ్లు లైన్‌మన్‌ను ఆపేది ఆ పూటే. అతను సీసాలో నీళ్లు పట్టి, చుక్క మందు వేసి, పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉందంటాడు. రాకపోతే ఏమీ అనకుండా ఆఫీసుకు ఫోన్ చేస్తాడు.

2009 మే నెలలో భోలక్‌పూర్‌లో ఇదే ప్రాణాల మీదికి వచ్చింది. కలుషిత నీళ్లు తాగి వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు, పదిమందికి పైగా చనిపోయారు. అక్కడి లైన్లు ఆ తర్వాత మార్చారు. పండుగ సంచికలో ఈ ముచ్చట ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. నా మటుకు ఇది లేని జలమండలి చరిత్ర సగం చరిత్రే. పాత పైపు మార్పిడికి డబ్బు అడగడం అంతకుముందు ఒకటైతే, ఆ వేసవి తర్వాత మరొకటి కావాలి.

డబ్బు రాలేదని కాదు. 2007లో పన్నెండు శివారు మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాక వాటి నీటి బాధ్యత బోర్డు నెత్తిన పడింది. హడ్కో రుణంతో 1,900 కోట్ల రూపాయల పథకం పెట్టి, శివార్లలో 56 రిజర్వాయర్లు, వాటి కింద కొత్త లైన్లు వేశారు. ఇది నిజంగా మెచ్చుకోవలసిన పని. అయితే కొత్త కాలనీకి కొత్త పైపు వేయడం సులువు. కోఠీలోనో షా అలీ బండలోనో పాత పైపు తీసి కొత్తది వేయడం కష్టం. కరెంటు కేబుళ్లు, టెలిఫోన్ తీగలు, నాలా అన్నీ అక్కడే ఉంటాయి. రోడ్డు కోతకు అనుమతి ఒక ఆఫీసులో, ట్రాఫిక్ మళ్లింపు మరో ఆఫీసులో. పని రాత్రి పదింటికి మొదలై తెల్లారేసరికి పూడాలి. అందులోనూ కొత్త డక్టైల్ ఇనుప పైపు వేసి, ఇంటి దాకా వెళ్లే పాత జీఐ పైపును అలాగే వదిలేస్తే శ్రమంతా బూడిదలో పోసినట్టే. నాలాలో నుంచి పోయేదీ, ముందుగా చిల్లు పడేదీ ఆ ముక్కే.

2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. పేదింటికి అది అక్కరకొచ్చే సాయమే, కాదనను. కానీ బిల్లుల మీద బతికే సంస్థకు ఆ ఉచిత నీటి సొమ్ము సర్కారు నుంచి వేళకు అందకపోతే ముందు కోత పడేది పైపుల మార్పిడికే. కరెంటు బిల్లు ఆపలేరు, జీతాలు ఆపలేరు. పైపు నోరెత్తదు.

ఇంకో మాట. పాత వాల్వులు ఎక్కడున్నాయో, ఏ గల్లీ కింద ఏ లైను ఎటు మళ్లుతుందో చాలాకాలం పెద్ద లైన్‌మన్ల బుర్రల్లోనే ఉండేది. వాళ్లు రిటైరవుతుంటే ఆ పటమూ వెళ్లిపోతోంది. కంప్యూటర్ పటాల మీద పని మొదలైంది గనుక, ఉన్నవాళ్లను వీధి వీధికీ తిప్పి చూపించమనాలి. ఏ ఏడు వేసిన పైపు, ఏ రకం, ఎన్నిసార్లు పగిలిందన్నది డివిజన్ వారీగా రాసి పెట్టాలి. ఈ సంచికలో ఆనకట్టల రంగు ఫొటోలకు పదహారు పేజీలు పోయాయని విన్నాను. వచ్చే సంచికలో అందులో నాలుగు పేజీలు తీసి, ఇంకా మార్చవలసిన లైన్ల జాబితా వేయండి.