జాన్ లాక్ ఉత్తరంలో ముసల్మాను

జాన్ లాక్ పేరు బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదివిన వాళ్లందరికీ తెలుసు. హాబ్స్, లాక్, రూసో అని ముగ్గురి పేర్లూ ఒక్క గుక్కలో చెప్పి, సామాజిక ఒడంబడిక మీద వ్యాసం రాసి గట్టెక్కిన వాళ్లమే మనమంతా. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మనిషికి సహజ హక్కులనీ, వాటిని కాపాడటానికే జనం తమ సమ్మతితో ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకుంటారనీ, ఆ నమ్మకాన్ని వమ్ము చేసిన ప్రభుత్వాన్ని తొలగించే హక్కు జనానికి ఉంటుందనీ గైడుల్లో ఉండేది. కానీ అదే లాక్ ముస్లింల గురించి కూడా రాశాడని మాకు ఏ గైడూ చెప్పలేదు. ఒకే చిన్న పుస్తకంలో రెండు చోట్ల రాశాడు. ఒక చోట మాకు తలుపు తెరిచాడు. ఇంకో చోట ఆ తలుపు దగ్గరే కాపలావాణ్ణి నిలబెట్టాడు. మూడు వందల ఏళ్లకు పైగా మేము ఆ రెండింటి మధ్యనే నిలబడి ఉన్నాం. అందుకే ఆ పుస్తకాన్ని మళ్లీ చదవాలి.

అది 1685. లాక్ అప్పుడు ఇంగ్లండు వదిలి హాలండులో తలదాచుకుంటున్నాడు. అతణ్ణి ఆదరించిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు రాజుకు ఎదురుతిరిగి హాలండు పారిపోయి 1683లో అక్కడే చనిపోయాడు. ఆ ఏడే లాక్ కూడా దేశం విడిచాడు. 1684లో రాజాజ్ఞ మీద ఆక్స్‌ఫర్డులో అతని స్థానం ఊడగొట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వైద్యుడి ఇంట్లో మారుపేరుతో దాక్కున్నాడు. సరిగ్గా అప్పుడే, 1685 అక్టోబరులో, ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ నాంట్ శాసనాన్ని రద్దు చేశాడు. 1598 నుంచీ ఆ దేశంలోని ప్రొటెస్టెంటు మైనారిటీకి కాస్త నీడగా ఉన్న చట్టం అది. ప్రార్థనా మందిరాలు కూల్చారు. మతం మారమని ఇళ్లల్లో సైనికుల్ని దింపారు. సుమారు 2 లక్షల మంది దేశం వదిలి పారిపోయారు. ఆ శీతాకాలంలోనే లాక్ తన స్నేహితుడు, వేదాంతి ఫిలిప్ వాన్ లింబోర్క్‌కు లాటిన్‌లో ఒక ఉత్తరం రాశాడు. మత సహనం గురించిన ఉత్తరం. అది 1689లో హాలండులోని గౌడా పట్టణంలో రచయిత పేరు లేకుండా అచ్చయింది. ఆ ఏడే విలియం పాపుల్ ఇంగ్లిషు చేశాడు. అది తన రచనేనని లాక్ బాహాటంగా ఒప్పుకున్నది 1704లో, చనిపోయే ముందు, వీలునామాలో. ప్రాణభయం ఉన్న మనిషి రాసిన పుస్తకం అది.

ఆ ఉత్తరం సారం సూటిగా ఉంటుంది. రాజ్యం పని మనుషుల ప్రాణం, స్వేచ్ఛ, ఆరోగ్యం, ఇల్లూ వాకిలీ కాపాడటం. ఆత్మను కాపాడే పని ఎవరూ రాజ్యానికి అప్పగించలేదు, అప్పగించలేరు కూడా. ఎందుకంటే నమ్మకం కత్తితో పుట్టదు. కత్తి చూపితే నోరు ఒప్పుకుంటుంది, మనసు ఒప్పుకోదు. పోనీ రాజు మతమే అందరి మతం కావాలన్నా, ఏ రాజుకు ఆ రాజు తన మతమే సత్యం అంటాడు. అప్పుడు మనిషి మోక్షం అతను పుట్టిన ఊరి మీద ఆధారపడుతుంది. ప్రతి చర్చీ తన దృష్టిలో తానే సనాతనమైనది. కాన్‌స్టాంటినోపుల్‌లో రెండు క్రైస్తవ శాఖలు కొట్టుకుంటూ ఉంటే పక్కన నిలబడి చూసే తురకలు ఏమనుకుంటారు, నవ్వుకోరా అని అడుగుతాడు లాక్.

ఈ ఉత్తరాన్ని మనం తెలుగులో ‘సహనం’ అంటున్నాం, ఉర్దూలో ‘రవాదారీ’ అంటాం. రెండూ చాలవు. సహనం అంటే భరించడం. నిన్ను భరిస్తున్నాను అనేవాడి దయ ఎప్పుడైనా తీరిపోవచ్చు. లాక్ రాజును దయ చూపమని అడగలేదు. ఈ విషయంలో నీకు అధికారమే లేదు పొమ్మన్నాడు. దయకూ హక్కుకూ ఉన్న తేడా అది.

అతను ఇచ్చిన ఉదాహరణలు చదువుతుంటే మన వీధిలోనే కూర్చుని రాశాడా అనిపిస్తుంది. బజారులో లాటిన్ మాట్లాడటం తప్పు కానప్పుడు చర్చిలో మాట్లాడితే తప్పెలా అవుతుంది? ఇంట్లో మోకాళ్ల మీద కూర్చోవడం నేరం కానప్పుడు ప్రార్థనలో కూర్చుంటే నేరమా? ఇంకొకటి దూడ గురించి. ఒకడు తన దూడను తన ఇంట్లో కోసుకు తినడానికి చట్టం ఒప్పుకుంటే, అదే దూడను దేవుడి పేరు మీద కోసినంత మాత్రాన అది నేరం కాకూడదు. పశువులకు తెగులు తగిలి మందలు తరిగిపోతే, మళ్లీ పెరిగేదాకా కోత ఆపమని పాలకుడు అందరికీ చెప్పవచ్చు. అప్పుడది పశువుల గురించిన చట్టం అవుతుంది, ఆరాధన గురించిన చట్టం కాదు.

ఈ దూడ మన రాజ్యాంగ సభలోకి కూడా వచ్చింది. 1948 నవంబరు 24న గోవధ నిషేధం మీద చర్చ జరిగింది. తర్వాత 48వ అధికరణం అయిన ఆదేశిక సూత్రంలో వ్యవసాయం, పశుపోషణ కారణాలే రాశారు. అప్పుడు జెడ్.హెచ్. లారీ, సయ్యద్ మహమ్మద్ సాదుల్లా లేచి చెప్పిన దాని సారం ఇంతే: మతం కోసమే కోరుతుంటే ఆ మాట బాహాటంగా అనండి, మా స్థితి ఏమిటో మాకు తెలుస్తుంది. ఆర్థిక కారణం పేరు చెప్పి తేవద్దు. వాళ్ల ప్రశ్న లాక్ ప్రశ్నే. చట్టం పశువు గురించా, ఆరాధన గురించా?

అన్నిటికన్నా పదునైన ఉదాహరణ నల్ల జుట్టు వాళ్లది. మతం సంగతి వదిలేయండి, నల్ల జుట్టు వాళ్లకు, బూడిద రంగు కళ్ల వాళ్లకు మిగతా పౌరులతో సమానంగా హక్కుల్లేవనుకోండి అంటాడు. కొనడానికి, అమ్మడానికి వీల్లేదు, పిల్లల పెంపకంలో హక్కు లేదు, న్యాయస్థానంలో న్యాయం లేదు. వాళ్లు ఒకచోట చేరరా? చేరితే రాజుకు ప్రమాదం అనిపించదా? ఆ ప్రమాదం జుట్టు రంగులో ఉందా, అణచివేతలో ఉందా? జనాన్ని కుట్రకు పోగుచేసేది మతం కాదు, పీడన అన్నాడు. గెట్టో అనే మాట ఎత్తితే చాలు, వాళ్లే కలవరు, వాళ్లే వేరుగా ఉంటారు అనే పెద్దలు ఈ ఒక్క పేజీ చదివితే చాలు.

ఉత్తరం చివరి భాగంలో ఆ తలుపు తెరుచుకుంటుంది. బహుదేవతారాధకుడైనా, మహమదీయుడైనా, యూదుడైనా, మతం కారణంగా అతన్ని రాజ్యంలోని పౌరహక్కుల నుంచి వెలివేయకూడదని రాశాడు. ఆనాటి ఇంగ్లండులో ఇది చిన్న మాట కాదు. 1689లో అక్కడ వచ్చిన సహన చట్టం కూడా త్రిత్వాన్ని నమ్మే ప్రొటెస్టెంట్లకు మాత్రమే వెసులుబాటు ఇచ్చింది. కాథలిక్కులకు ఇవ్వలేదు. 1697 జనవరిలో ఎడిన్‌బరోలో థామస్ ఐకెన్‌హెడ్ అనే 20 ఏళ్ల విద్యార్థిని దైవదూషణ నేరం కింద ఉరితీశారు. అటువంటి రోజుల్లో లాక్ మా పేరు పౌరుల పట్టికలో రాశాడు.

అతనికి మా గురించి తెలియక రాసింది కాదు. ఆక్స్‌ఫర్డులో అతను గౌరవించిన గురువుల్లో ఎడ్వర్డ్ పోకాక్ ఒకడు. అలెప్పోలో ఉండి అరబ్బీ నేర్చుకుని, 1636లో ఆ విశ్వవిద్యాలయంలో తొలి అరబ్బీ ఆచార్యుడైన వాడు. పోకాక్ కొడుకు 1671లో అందలూసియా తత్వవేత్త ఇబ్న్ తుఫైల్ రాసిన ‘హయ్ ఇబ్న్ యఖ్జాన్’ను లాటిన్ చేశాడు. ఒంటరి దీవిలో లేడి పాలు తాగి పెరిగిన పిల్లవాడు, ఏ గ్రంథమూ ఏ గురువూ లేకుండా తన వివేచనతోనే సత్యాన్ని చేరుకునే కథ అది. మనిషి మనసు పుట్టుకతో తెల్ల కాగితం లాంటిదనీ, అనుభవమే దాని మీద రాస్తుందనీ చెప్పిన తన పెద్ద గ్రంథానికి లాక్ మొదటి చిత్తుప్రతి రాసింది కూడా 1671లోనే. దీని ప్రభావం దాని మీద ఉందనే పండితులున్నారు, లేదనే వాళ్లున్నారు. ఆ పంచాయితీ మనకొద్దు. దేవుడు చెప్పింది సత్యమే గానీ, దేవుడు చెప్పాడా లేదా అని తేల్చవలసింది వివేచనే అన్న లాక్ మాట మాత్రం, ఇజ్తిహాద్ తలుపు మూసుకుని కూర్చున్న మాకు కొత్తది కాకూడదు.

ఇంత తెలిసిన లాక్ ఆ ఉత్తరంలోనే ఇంకోచోట ఏం రాశాడు? వేరే రాజుకు లోబడిపోయేలా చేసే మతసంఘాన్ని పాలకుడు సహించనక్కర లేదన్నాడు. ఉదాహరణకు మళ్లీ మమ్మల్నే తెచ్చాడు. కాన్‌స్టాంటినోపుల్ ముఫ్తీకి గుడ్డిగా లోబడి ఉంటూ, ఆ ముఫ్తీ ఆటోమన్ సుల్తాన్ ఆడించినట్టు ఆడుతుంటే, నేను మతంలో మాత్రమే ముసల్మానును, మిగతా అన్నింటిలో క్రైస్తవ పాలకుడికి నమ్మకస్తుణ్ణి అని ఎవరైనా చెప్పుకోవడం నవ్వులాట అన్నాడు.

దీనికి సమాధానాలున్నాయి. అతని అసలు గురి పోపుకు లోబడే కాథలిక్కుల మీద, పేరుకే ముసల్మాను అంటారు. ఆటోమన్ సేనలు వియన్నాను ముట్టడించి రెండేళ్లే అయింది, ఆ భయం అంటారు. గుడ్డిగా లోబడి ఉంటే అని షరతు పెట్టాడు కదా అంటారు. అన్నీ నిజమే. కానీ చరిత్రలో షరతు రాలిపోయింది, అనుమానం మిగిలింది.

ఉదాహరణ కూడా సరైంది కాదు. 1648లో ఇస్తాంబుల్‌లో సుల్తాన్ ఇబ్రహీంను గద్దె దించినప్పుడు దానికి ఫత్వా ఇచ్చింది అక్కడి పెద్ద ముఫ్తీయే. ఇక దక్కనులో, లాక్ ఆ ఉత్తరం రాస్తున్న రోజుల్లో ఔరంగజేబు సేన బీజాపూరును ముట్టడిస్తోంది. 1687లో గోల్కొండను పట్టుకుంది. అటు సున్నీ బాదుషా, ఇటు షియా కుతుబ్‌షాహీ సుల్తాన్. ఆ సుల్తాన్ తానాషా దగ్గర మంత్రాంగం నడిపినవాళ్లు మాదన్న, అక్కన్న. ఇందులో ఇస్తాంబుల్ ముఫ్తీని అడిగిందెవరు? ఇంగ్లిషు కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో దిగింది. ముసల్మాన్లంతా ఒకే తాడుకు కట్టిన మంద కాదని తెలుసుకోవడానికి ఇంగ్లండుకు దారి లేకపోలేదు.

అదే అనుమానం మా నేల మీద ఎంత పని చేసిందో మేము చూశాం. 1948 సెప్టెంబరు పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత, హైదరాబాద్ సంస్థానంలో రజాకార్లతో ఏ సంబంధమూ లేని పల్లెటూరి దూదేకులవాడు కూడా రజాకార్ల లెక్కకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. వాటికి శిక్ష పడవలసింది చేసినవాళ్లకు. లాక్ కొలబద్ద ప్రకారమే, పాలకుడు చూడవలసింది మనిషి చేసిన పని, అతని కలిమా కాదు. వఫాదారీకి గవాహీ తెమ్మని మనసును అడగడం, మనసు మీద రాజ్యానికి అధికారం లేదన్న లాక్ మొదటి సూత్రానికే విరుద్ధం. లాక్ రెండో మాటకు సమాధానం లాక్ మొదటి మాటలోనే ఉంది.

అలాగని మేము మా వైపు అద్దం తిప్పుకోకపోతే అన్యాయం. లాక్ నాస్తికులకు కూడా చోటివ్వలేదు. దేవుణ్ణి నమ్మనివాడి ఒట్టుకు, ఒప్పందానికి విలువ లేదన్నాడు. విజయవాడలో నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా జీవితం తెలిసిన తెలుగువాళ్లం, ఆ మాట తప్పని చెప్పగలం. దేవుణ్ణి నమ్మని మనిషి మాట మీద నిలబడగలడని చూశాం. మా పౌరహక్కు అడిగే నోటితోనే నాస్తికుడి పౌరహక్కూ అడగాలి. చర్చి తన సభ్యుణ్ణి సంఘం నుంచి తీసెయ్యవచ్చు గానీ అతని ఒంటినీ ఇంటినీ తాకకూడదని కూడా లాక్ అన్నాడు. మా జమాత్‌లు ఎదురు ప్రశ్నించిన వాళ్లకు హుక్కా పానీ బంద్ చేసినప్పుడు మేము ఎంతమందిమి అడ్డుపడ్డాం? 1974లో పాకిస్తాన్ పార్లమెంటు అహ్మదీయులు ముస్లింలు కాదని రాజ్యాంగాన్ని సవరించింది. ఎవరు ముసల్మానో తేల్చే పని రాజ్యానికెవరిచ్చారు?

లాక్‌కూ తన చీకటి ఉంది. అమెరికాలోని కరోలినా వలసకు 1669లో రాసిన మూల శాసనాల్లో అతని చెయ్యి ఉంది. అందులో మతాలకు వెసులుబాటు ఉంది, నీగ్రో బానిస మీద యజమానికి సంపూర్ణ అధికారమూ ఉంది. బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో లాక్ వాటా కొన్నాడు. ఆ వ్యాపారంలో అట్లాంటిక్ దాటించబడ్డ వాళ్లలో ముసల్మాన్లూ ఉన్నారు. 1730 ప్రాంతంలో మేరీలాండ్‌లో అమ్ముడుపోయిన అయూబా సులేమాన్ డియాల్లోకు ఖురాన్ మొత్తం కంఠస్థం. పుస్తకంలో మహమదీయుడికి హక్కు, ఓడలో మహమదీయుడికి సంకెల.

ఆ పుస్తకం తర్వాత అమెరికా చేరింది. 1765లో జార్జ్ సేల్ ఖురాన్ అనువాదం కొన్న థామస్ జెఫర్సన్, 1776లో లాక్ ఉత్తరం చదివి మహమదీయుడి పౌరహక్కు మాటను నోట్సులో ఎక్కించుకున్నాడు. అతను రాసిన మతస్వేచ్ఛా చట్టాన్ని 1786లో వర్జీనియా ఆమోదించింది. అతనూ వందలాది బానిసల యజమానే. 2007 జనవరిలో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎల్లిసన్, జెఫర్సన్ కొన్న ఆ ఖురాన్ మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. అంతకు రెండు నెలల ముందు ఒక టీవీ వ్యాఖ్యాత అతన్ని, నువ్వు మా శత్రువులతో కలిసి పనిచెయ్యడం లేదని రుజువు చెయ్యి అన్నాడు. లాక్ రాసిన రెండు మాటలూ ఒకే మనిషికి రెండు నెలల్లో ఎదురయ్యాయి.

తెలుగుకు ఉర్దూలో లేని సౌకర్యం ఒకటుంది. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఈ వ్యాసంలో మేము రెండూ వాడాం, చదివేవాళ్లు గమనించే ఉంటారు. లాక్ మొదటి మాట దగ్గర మనం అని రాయగలిగాం. ముఫ్తీ మాట దగ్గరికి వచ్చేసరికి మేము అని రాయక తప్పలేదు. మమ్మల్ని మళ్లీ మనం అనిపించవలసింది మా ఒట్లు కాదు, రాజ్యం తన హద్దులో తాను ఉండటం.