మడమ వెనుక నొప్పికి శస్త్రచికిత్స లేని చికిత్సలు

ఉదయం మంచం దిగి తొలి అడుగు వేయగానే మడమ వెనుక నొప్పి, బిగుతు. కాసేపు నడిస్తే ఉపశమనం. మెట్లెక్కినా, పరుగెత్తినా మళ్లీ బాధ. ఈ లక్షణాలు మూడు నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక అకిలీస్ టెండినోపతీగా వైద్యులు పరిగణిస్తారు. చాలామందికి ఇది శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతుంది. అయితే ఇందుకు ప్రధాన చికిత్స పూర్తి విశ్రాంతి కాదు, క్రమబద్ధమైన వ్యాయామం.

ఎందుకు వస్తుంది?

పిక్క కండరాలను మడమ ఎముకతో కలిపే అకిలీస్ టెండన్ శరీరంలోని అతి పెద్ద స్నాయుబంధనం. వాడుకలో 'నరం' అన్నా, ఇది నాడి కాదు. తట్టుకోగలిగిన దానికి మించి పదేపదే భారం పడితే దీని తంతువుల అమరిక చెదురుతుంది. నొప్పి మాత్రలు తాత్కాలికంగా ఉపశమనం ఇస్తాయే తప్ప ఆ అమరికను సరిచేయలేవు.

పన్నెండు వారాల సాధన

స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన విధానం నేటికీ ఆచరణలో ఉంది. మెట్టు అంచున మునివేళ్లపై నిలిచి, నొప్పి ఉన్న కాలి మడమను నెమ్మదిగా కిందికి దించాలి. పైకి లేచేందుకు రెండో కాలిని ఉపయోగించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్ల చొప్పున మూడు విడతలు, కొద్దిగా వంచి మరో మూడు విడతలు చేయాలి. ఇలా రోజుకు రెండు పూటలా, 12 వారాలు కొనసాగించాలి. భరించగలిగిన నొప్పి ఉన్నా ఆపనవసరం లేదు. మరునాటికి నొప్పి పెరిగితే మాత్రం తీవ్రత తగ్గించాలి.

టెండన్ మడమ ఎముకను అంటుకునే చోటే నొప్పి ఉన్నవారు మడమను మెట్టు కంటే దిగువకు దించరాదు. సమతల నేలపైనే చేయాలి. పాదరక్షల్లో మడమ కింద మెత్త అమర్చుకుంటే కొంత ఊరట లభిస్తుంది.

ఇంజెక్షన్ల విషయంలో జాగ్రత్త

వ్యాయామంతో తగినంత ఫలితం రాకపోతే, దానికి తోడుగా షాక్‌వేవ్ చికిత్సను వైద్యులు సూచించవచ్చు. రోగి రక్తం నుంచే తయారుచేసే పీఆర్‌పీ ఇంజెక్షన్ ఖరీదైనది. అయితే 240 మందిపై బ్రిటన్‌లో జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో, ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే ఇది మెరుగైన ఫలితమివ్వలేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో నొప్పి త్వరగా తగ్గినా, టెండన్ బలహీనపడి తెగే ముప్పు ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ కూడా ఈ ముప్పును పెంచుతాయి కనుక, వాటిని వాడుతుంటే వైద్యునికి తెలపాలి.

వెనుక నుంచి ఎవరో తన్నినట్లు హఠాత్తుగా నొప్పి వచ్చి, మునివేళ్లపై నిలవలేకపోతే టెండన్ తెగి ఉండవచ్చు. అప్పుడు వ్యాయామం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆరు నెలల సక్రమ చికిత్స తరువాతా బాధ తగ్గనివారి విషయంలోనే సాధారణంగా శస్త్రచికిత్సను పరిశీలిస్తారు.