విశాలకోణ కటకము: మధుర నాయకుల కట్టడములు, మన సామూహిక ఛాయాచిత్రములు

తమిళనాట చిరకాలముగా స్థిరపడిన తెలుగువారి చరిత్రకు శాసనములు, కైఫీయతులు, కావ్యములు ఆధారములని మన మెఱుగుదుము. గడచిన నూటయఱువదియేండ్లకు ఛాయాచిత్రములును ఆ వరుసలో చేరినవి. శాసనపాఠమును చదువునపుడు లేఖకుని ప్రమాదములను శ్రద్ధతో గుర్తించు మనము, ఛాయాచిత్రమును చూచునపుడు కటకము చేసిన ప్రమాదమును గుర్తింపము. వాడుకలో 'లెన్సు' అనబడు ఆ గాజుబిళ్ళల కూర్పును గూర్చియే, అందును పెద్ద కట్టడమును గాని పదిమంది సమూహమును గాని ఒక్క చిత్రమున ఇముడ్చుటకై వాడు విశాలకోణ కటకమును గూర్చియే, ఈ వ్యాసము.

మధురను, అనగా నేటి మదురైని, 1623 మొదలు 1659 వఱకు ఏలిన తిరుమల నాయకుడు తెలుగువాడు. అతడు కట్టించిన మహలును, మీనాక్షీ ఆలయమునకు తూర్పుననున్న పుదుమండపమును 1858లో లినేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి చిత్రించెను. అతడు అప్పుడు మద్రాసు ప్రభుత్వమువారి ఛాయాగ్రాహకుడు. మైనము పూసిన కాగితమే అతనికి నెగటివు. 1866 మొదలు 1872 వఱకు గవర్నరుగానున్న నేపియర్ ప్రభువు మహలును బాగుచేయించుట తరువాతి మాట. కావున మరమ్మతులకు పూర్వపు మహలును చూడగోరువారికి ట్రైప్ చిత్రములు అమూల్యములు.

ఆనాడు బయటి దృశ్యములకు వాడు కటకములు చూడగల కోణము స్వల్పము. అంచులయందు సరళరేఖలు వంగుచుండెను. తంజావూరి బృహదీశ్వరాలయపు అధిష్ఠానముమీది శాసనములను చిత్రింపవలసివచ్చినపుడు ట్రైప్ చేసిన పని విచిత్రమైనది. కటకము విశాలము కాదు గనుక తానే గోడవెంట నడచెను. అడుగడుగున ఆగి తీసిన చిత్రములలో ఇరువదియొక్కటి అతికి, సుమారు 19 అడుగుల పొడవుగల ఒకే చిత్రముగా కూర్చెను. ప్రతి ముక్కను గోడకు ఎదురుగా నిలిచియే తీసినందున, దూరమునందలి అక్షరములు సన్నగిల్లిపోవు దోషము దానికి లేదు. ఏ విశాలకోణ కటకమును ఈ పనిని ఇంత నిజాయితీతో చేయజాలదని నా యభిప్రాయము.

కటకశిల్పులు మాత్రము నడకకు ఇష్టపడలేదు. 1862లో అమెరికాలో హారిసన్, ష్నిట్జర్ అనువారు గ్లోబ్ లెన్సును కనిపెట్టిరి. ముందు వెనుకల వెలుపలితలములు రెండును ఒకే గోళమునకు చెందునట్లు అమర్చినందున దానికాపేరు. ఇరుప్రక్కల సమానమైన కూర్పు గలచో ముందుభాగము చేసిన వక్రతను వెనుకభాగము దిద్దును; అదియే అందలి రహస్యము. 1866లో జర్మనీలో స్టైన్‌హైల్, ఇంగ్లండులో డాల్‌మేయర్ వేర్వేరుగా ఈ సూత్రముననే మేలైన కటకములను చేసిరి. సరళరేఖ సరళరేఖగానే పడు విశాలకోణ కటకము డాల్‌మేయర్ చేతినుండి ఆ యేడే వెలువడెను. 1900లో గోర్జ్ సంస్థవారి హైపర్గాన్ 130 డిగ్రీలకు మించిన కోణమును చూచినది. అయితే చిత్రము నడుమ వెలుగు మెండు, అంచుల చీకటి. ఆ లోపమును సరిచేయుటకు కటకము ముందు నక్షత్రాకారముగల చిన్న చక్రమును, రబ్బరుబుడ్డి నొక్కి గాలితో త్రిప్పెడివారు. నవ్వు వచ్చు ఏర్పాటే గాని పని జరిగెను.

ఇన్ని కటకములు వచ్చినను ఒక్క సత్యము మాఱలేదు. దగ్గరి స్తంభమెంత పెద్దదిగా, దూరపు స్తంభమెంత చిన్నదిగా కనబడవలెనో నిర్ణయించునది కటకము కాదు, మనము నిలుచున్న చోటు. విశాలకోణ కటకము మనలను దగ్గఱకు పోనిచ్చును. ఆ దగ్గఱితనమే మహలు ముంగిలిని మైదానముగా చూపును. విశాలమైన ఆ ముంగిట ఎదుటి వరండా దాక వెనుకకు పోవచ్చును గనుక, అచ్చట 35 మి.మీ. నాభ్యంతరముగల కటకము, ఒక్కొక్కయెడ 50 కూడ, చాలును. పుదుమండపము సంగతి వేఱు. స్తంభముల వరుసల నడుమ వెనుకకు పోవుటకు తావు తక్కువ. అందు తిరుమల నాయకుని, అతని పూర్వుల విగ్రహములు స్తంభములకు చెక్కబడియున్నవి. అచ్చట 24 గాని 28 గాని తప్పదు. అప్పుడును కెమెరాను విగ్రహపు నడుము ఎత్తున మట్టసముగా నిలుపవలెను. పైకెత్తినచో నిలువుగీతలు మీద కలిసికొని, గోపురమైనచో వెనుకకు పడిపోవుచున్నట్లు కనబడును. పాతకాలపు పలకల కెమెరాలలో కటకమునే మీదికి జరుపు సౌకర్యముండెడిది. 1960ల తొలినాళ్ళలో నికాన్‌వారు చిన్న కెమెరాకును అట్టి 35 మి.మీ. కటకమును తెచ్చిరి. దానిని కొనలేనివారు దూరముగా నిలిచి, మట్టసముగా తీసి, క్రిందిభాగమున వచ్చిన వట్టినేలను కత్తిరించుకొనవచ్చును. నేనట్లే చేయుదును.

ఇక సామూహిక చిత్రములు. 36 మి.మీ. వెడల్పుగల ఫిలిముమీద గాని సెన్సారుమీద గాని 20 అడుగుల వరుస నిండుగా పట్టుటకు 50 మి.మీ. కటకముతో సుమారు 28 అడుగులు, 35తో 20 అడుగులు, 24తో 13 అడుగులు ఎడముగా నిలువవలెను. చోటు ఇఱుకైనవారికి మూడవది ఆకర్షణీయము. దానికి చెల్లింపవలసిన మూల్యము మాత్రము చివరివారి మోములది. గుండ్రని తల చిత్రము అంచున అడ్డముగా సాగును: 50తో వీసమంత, అనగా పదునాఱవ వంతు, 35తో పరకంత, అనగా ఎనిమిదవ వంతు, 24తో పాతికంత. పెక్కు ఫోనులలోనున్న అతివిశాల కటకము 13 మి.మీ.కు సమానము, దానితో దాదాపు ముప్పాతిక. యంత్రము దానిని తానే దిద్దబోయినచో వెనుకనున్న గోడ వంగును.

పాత బడిచిత్రములలో విద్యార్థులను చంద్రవంకవలె కూర్చుండబెట్టుట చూతుము. అది అలంకారము కాదు. ఆనాటి కటకములకు స్పష్టముగా కనబడు తలము చదునైనది కాదు, లోతట్టగలది. చివరివారిని కొంచెము ముందునకు జరిపినగాని వారి మోములు స్పష్టముగా పడవు. 1890 తరువాత జైస్, గోర్జ్ కర్మాగారముల కటకములు ఆ చిక్కును చాలవఱకు తీర్చినను, ఆచారము మాత్రము నిలిచెను. నేటి విశాలకోణ కటకముతో ఆ వంకను పాటించినచో చివరివారు దగ్గఱయై మఱింత పెద్దలగుదురు.

ఈ సంగతులు తెలియకమునుపు నేనే పొరపడితిని. నాలుగేండ్ల క్రిందట మా తెలుగుబడి వార్షికోత్సవమున, పదునాలుగడుగుల ఇఱుకు ముంగిట, 24 మి.మీ. కటకముతో ఉపాధ్యాయులను, పిల్లలను కలిపి చిత్రము తీసితిని. మర్యాద ననుసరించి పెద్దలు నడుమ, చిన్నవారు అంచుల. కావున కటకపు తప్పంతయు చిన్నవారిమీదనే పడెను. ఒక బాలిక అవ్వ చిత్రమును చూచి, "ఏమయివారూ, మా పాపకు గవదలు లేచినట్లుండాయే!" అన్నది. మా యూరి తెలుగువారి వంశములను గూర్చిన సంపుటమునకై ఉద్దేశించిన చిత్రమది. ఏబదియేండ్ల తరువాత చూచువారు ఆ బాలిక మొగమట్టిదే అనుకొందురు గదా! మఱునాడు అందఱిని కోనేటిమెట్లకు నడిపించి, మూడు వరుసలుగా దగ్గఱదగ్గఱగా నిలిపి, అంచుల కొంత ఖాళీ విడిచి, 35తో మరల తీసితిని. కొనదలచి నన్నడుగువారికి మొదట 35 కొనుడని చెప్పుటకు కారణమిదియే. 24 మండపముల లోపలికి మాత్రమే.

మా బడి గోడమీద పూర్వపు తరగతిచిత్ర మొకటి కలదు. చంద్రవంకగా వేసిన బల్లలు, నాలుగు వరుసలు. క్రితము సంవత్సరము అదే తరగతిని తీయుటకు నేను కోనేటికి పోలేదు. తొమ్మండుగురు, రెండు వరుసలు. మా ఇఱుకు ముంగిటనే 50 మి.మీ. కటకము సరిపోయినది. ఇందుకు కారణములు పెక్కు. 2006నాటి చట్టముచేత ఒకటవ తరగతి మొదలు తమిళము తప్పనిసరియగుట ఒకటి. తలిదండ్రులకు ఆంగ్లమాధ్యమముపై గల మోజు మఱియొకటి, నా యెఱుకలో అంతకంటె బలమైనది. చిత్రము వెనుక పెన్సిలుతో తేదీ, నిలుచున్న చోటు, దూరము, కటకము, ఎడమనుండి కుడికి తొమ్మిది పేరులు వ్రాసితిని. పేరులను పిల్లలచేతనే తెలుగున వ్రాయించితిని.