పాత వీణయే మేలా?

పాత వీణను కొవ్వూరులో మీటినను, బొబ్బిలిలో మీటినను, "ఆనాటి పనితనము ఇప్పుడెక్కడిది?" అనువారే ఎక్కువ. బొబ్బిలి వద్ద గొల్లపల్లి పనివారు కుండను, దండిని ఒకే పనస దుంగ నుండి చేతితో తొలిచెదరు, నడుమ అతుకుండదు. అందువలన కర్ర బాగుగా ఆరియుండవలెను. పచ్చికర్ర ఆరుచు కుంచించుకొనును. మెట్లు మైనముపై నిలుచును గనుక దండి రవ్వంత వంగినను స్వరము తప్పును. ఏండ్లు గడచిన కర్ర గాలిలోని తేమను తక్కువగా పీల్చును. పాతదానికి గల నిజమైన బలమిదే.

అయితే మనము నేడు చూచునవి మిగిలిన వీణలు మాత్రమే. పగిలినవి, పలుకనివి ఏనాడో పొయ్యిపాలైనవి గదా!

వాయులీనముల విషయమున ఒక పరీక్ష జరిగినది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున 21 మంది వాదకులకు చూపు ఆనకుండ నల్లద్దములు తగిలించి, మూడు పాత ఇటలీ వాద్యములను, మూడు క్రొత్తవానిని ఇచ్చిరి. వారిలో 13 మంది క్రొత్తదానినే కోరుకొనిరి. మన బడులలోను తెరచాటున రెండు వీణలు పలికించి, పాతది ఏదో విద్యార్థులనే చెప్పుమనవచ్చును.